ధృతరాష్ట్రుని వార్ధక్యము

వార్ధక్యమును గూర్చి మన సాహిత్యమున రెండు దృష్టులు ప్రసిద్ధములు. వృద్ధుడు పూజ్యుడనునది యొకటి. వృద్ధుడు పరిహాసాస్పదుడనునది మరియొకటి. మొదటి దానికి భీష్ముడును, రెండవ దానికి లుబ్ధావధానులును నిదర్శనములుగ జూపదగినవారు. ఈ రెండును పరస్పర విరుద్ధములుగ గన్పట్టినను వాని మూలమున నున్న భావన యొక్కటియే. తన యోగ్యతను నిరూపించుకొన్న వృద్ధుడు గౌరవపాత్రుడు, నిరూపించుకొనలేనివాడు కాడు అను నియమము రెండింటను కలదు. అట్లయినచో యోగ్యత లేని వృద్ధుని గతి యేమి? అతని తప్పులు లోకవిదితములు. అతని వలన ఇతరులు బాధపడిరి. నేడు అతనికి బలము లేదు, అధికారము లేదు, తనవారనదగిన వారు లేరు. అట్టివానికి గౌరవముతో జీవించు హక్కు కలదా? ఈ ప్రశ్నకు సమాధానము కోరు తెలుగు సాహిత్య విద్యార్థి మొట్టమొదట తెరువవలసినది ఆశ్రమవాస పర్వమని మా యభిప్రాయము.

ఆంధ్ర మహాభారతమున తిక్కన రచించిన పదునైదు పర్వములలో నిది యొకటి. విరాటోద్యోగ పర్వములకు గల ప్రచారము దీనికి లేదు. దీనిని బోధించునపుడును ధర్మరాజు సౌజన్యమునకు నిదర్శనముగనో, ధృతరాష్ట్రుని కర్మపరిపాకముగనో వ్యాఖ్యానించుట సులభము. ఈ రెండు వ్యాఖ్యానములందును వృద్ధుడు ఇతరుల గుణములను గాని, తన పాపఫలమును గాని చూపుటకు సాధనమగుచున్నాడే తప్ప తానుగ నొక మనుష్యుడగుట లేదు. ఆ పర్వమును వృద్ధుని వైపు నుండి చదువుటకు ఇచట ప్రయత్నించుచున్నాము. కథాంశములను వ్యాసమూలము ననుసరించి గ్రహించుచున్నాము. తిక్కన పద్యశిల్ప వివేచనము వేరొక వ్యాసమునకు తగిన విషయము.

మనుష్యుని గూర్చి అతని వయస్సును బట్టి ముందుగనే యొక నిర్ణయమునకు వచ్చుట, ఆ నిర్ణయమును బట్టి అతనిని తక్కువగ భావించుట, ఆ భావము ననుసరించి వర్తించుట — ఈ మూడింటిని గలిపి నేడు వయోవివక్ష యనుచున్నారు. ఈ యర్థము గల ఆంగ్లపదమును 1969లో రాబర్ట్ బట్లర్ అను అమెరికా వైద్యుడు కల్పించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక, ప్రపంచమున ప్రతి యిద్దరిలో నొకరు వృద్ధుల యెడ ఇట్టి దృష్టి గలవారని యంచనా వేసినది. పదము క్రొత్తదే గాని అది తెలుపు వస్తువు క్రొత్తది కాదు. ముదిమి మీరినవారిని గూర్చి "ఊరు పొమ్మంటున్నది, కాడు రమ్మంటున్నది" అను సామెత తెలుగునాట వినబడుచునే యున్నది. ఆ సామెతలోని వాక్యనిర్మాణమును గమనింపుడు. అందు మాటాడునవి రెండు: ఊరు, కాడు. ఒకటి పొమ్మనును, మరియొకటి రమ్మనును. ఎవరిని గూర్చి యా మాటలు పుట్టినవో ఆ మనుష్యుడు మాత్రము నోరు మెదపడు. పోయెదనని గాని, ఉండెదనని గాని చెప్పు అవకాశమే అతనికి లేదు. వయోవివక్ష యొక్క సారమంతయు ఆ మౌనమున నిమిడియున్నది.

భారతమునందే ఈ దృష్టికి మిక్కిలి స్పష్టమైన చిత్రణము ఆదిపర్వమున యయాతి కథలో కలదు. శుక్రుని శాపమున అకాలవార్ధక్యమును పొందిన యయాతి తన ముదిమిని గ్రహించి యౌవనము నిమ్మని కుమారుల నడిగెను. నలుగురు నిరాకరించిరి. వారు చెప్పిన కారణములను వరుసగ జూచినచో వార్ధక్యమును గూర్చిన దురభిప్రాయముల పట్టికయే సిద్ధమగును. నెరసిన వెండ్రుకలు, ముడుతలు పడిన మేను, పరిజనుల చిన్నచూపు అని యదువు. బలమును, రూపమును, బుద్ధిని హరించునది యని తుర్వసుడు. ఏనుగును, రథమును, గుఱ్ఱమును అనుభవింపనీయదు, మాట తొట్రుపడునని ద్రుహ్యుడు. పసివానివలె వేళ గాని వేళ తినుట, శుచి తప్పుట అని అనువు. పూరు డొక్కడు అంగీకరించెను. పూరుని త్యాగమును మనము కొనియాడుదుము. కాని ఆ కథలో వార్ధక్యమును ఎవరును మనుష్యజీవితమున నొక దశగ భావింపలేదు. యయాతికి సయితము అది యితరులపై నెట్టదగిన భారమే. వృద్ధుడు తన్ను తానే తక్కువగ జూచుకొనుట వయోవివక్షలో నొక భేదమని పైని చెప్పిన 2021 నివేదిక పేర్కొన్నది. యయాతి దానికి పురాతనమైన యుదాహరణము.

ఆదిపర్వమున ఇట్లున్న భారతము ఆశ్రమవాస పర్వమునకు వచ్చునప్పటికి ఆ దృష్టిని విడిచి మరియొక మార్గము త్రొక్కినది. యుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు పాండవుల యొద్ద 15 సంవత్సరములు నివసించెను. ఆ కాలమున ధర్మరాజు అతనికి జేసినదేమి? ఆహారము, వస్త్రము, శయ్య, ఆభరణములు పూర్వము వలెనే సమకూర్చెను. రాజకార్యములందు అతని సలహా నడిగెను. చెరలోనున్న వారిని విడిపించుటకును, వధ్యులను ప్రాణములతో విడుచుటకును ధృతరాష్ట్రుడు ఉత్తరువు లిచ్చినచో మారు పలుకలేదు. పుత్రులను గోల్పోయిన ఆ రాజునకు దుఃఖము గలుగకుండ వర్తింపుడని తమ్ములను శాసించెను. కుంతియు ద్రౌపదియు గాంధారిని సేవించిరి. కూడు, గుడ్డ, నీడ, వైద్యము అను నాలుగింటికి మాత్రమే పరిమితమైన సేవ గాదిది. అతని మాటకు రాజ్యమున విలువ నిచ్చుట ఇందలి విశేషము.

ఐనను ధృతరాష్ట్రుడు ఆ యింట నుండలేకపోయెను. కారణము భీముడు. భీమసేనుడు అన్న ఆజ్ఞను బహిరంగముగ ధిక్కరింపలేదు. చాటుగ, సేవకుల ద్వారమున వృద్ధుని యుత్తరువులు చెల్లకుండ జేసెను. ఒకనాడు మిత్రుల నడుమ భుజములు చరచుచు, అంధరాజు పుత్రులను యమసదనమునకు బంపినవి ఈ బాహువులే యని, ధృతరాష్ట్రునకును గాంధారికిని వినబడునట్లు పలికెను. ఈ సంగతి ధర్మరాజునకు దెలియదు. అర్జునునకును, కుంతికిని, ద్రౌపదికిని దెలియదు. ఈ యజ్ఞానమును వ్యాసుడు పనిగట్టుకొని చెప్పుట గమనింపదగినది. గృహయజమాని సజ్జనుడు; శాసనము స్పష్టముగనే యున్నది; భాండారము నిండుగ నున్నది; ఐనను అవమానము జరిగినది, జరిగినట్లు తెలియవలసిన వారికి తెలియలేదు. లెక్కకు వచ్చు వస్తువులందు లోపము లేకుండుట చేత గౌరవమున గూడ లోపము లేదని యెంచుట ఎంతటి పొరపాటో దీనిని మించి చెప్పిన కథ వేరొకటి లేదు. వృద్ధుని యెడ జరుగు హింసలో నధికభాగము ఇట్లు ఇంటి గోడల నడుమ, కంఠస్వరమున, ఆజ్ఞోల్లంఘనమున, విననట్లు నటించుటలో దాగియుండును. బాధితుడు చెప్పుకొనడు, చెప్పుకొన్నచో తనకు అన్నము పెట్టు వానికి అపకీర్తి యని వెనుదీయును. ధృతరాష్ట్రుడును చెప్పుకొనలేదు. తాను అర్ధాహారముతో, నేలపై దర్భల మీద పరుండుచు రోజులు గడపుచుంటినని, అది గాంధారికి మాత్రమే తెలియునని, వనమునకు బోవ నిశ్చయించుకొన్న పిమ్మట గాని బయట పెట్టలేదు. ఆ మాట విని ధర్మరాజు, ఇంతకాలము ఎరుగకపోయిన తన్ను దాను నిందించుకొనెను.

ఇచట నొక బలమైన యాక్షేపణ కలదు. దానిని దాటవేయుట విమర్శ కాదు. భీముని కోపము న్యాయమైనది గాదా? బాల్యమున విషాన్నము తిన్నవాడు అతడు. లాక్షాగృహము, ద్యూతసభ, పదుమూడేండ్ల వనవాసాజ్ఞాతవాసములు అతని యనుభవములు. వాని నన్నింటిని తెలిసియు వారింపని రాజు ధృతరాష్ట్రుడు. యుద్ధానంతరము సయితము ఆ వృద్ధుడు భీముని కౌగిలించి నలిపివేయ జూచెను. కృష్ణుడు ఇనుప ప్రతిమను ముందుంచుట చేత భీముడు బ్రదికెను. అట్టి వృద్ధుని యెడ గౌరవము చూపుమని భీమునకు చెప్పు టెట్లు?

ఈ యాక్షేపణ యందలి బలమే మా వాదమునకును బలము. భీష్ముడు అంపశయ్యపై నుండగా అతనికి సేవ చేయుట కష్టము కాదు. అతని గుణములు మన చేత ఆ పని చేయించును. గుణములకు ఇచ్చునది బహుమానము. గుణదోషములతో నిమిత్తము లేక మనుష్యుడగుట చేతనే ఇయ్యవలసినది హక్కు. ఆ రెండింటికి గల భేదము ధృతరాష్ట్రుని వంటి పాత్ర యెదుట నిలిచినపుడు గాని తేటపడదు. భీముడు నేరమును విచారించి దండించుట లేదన్నది మరువరాదు. నేరవిచారణ కురుక్షేత్రమున ముగిసినది. దండన నూర్గురు పుత్రుల మరణ రూపమున జరిగినది. ఇప్పుడు భీముడు చేయుచున్నది, ఎదురు చెప్ప శక్తి లేని వాని శక్తిహీనత నుపయోగించుకొని పాత పగను చల్లార్చుకొనుట. రాజుగ నున్న ధృతరాష్ట్రుని యెదుట భుజములు చరచినచో అది ధైర్యమై యుండెడిది. ముదుసలియై, గ్రుడ్డివాడై, పరాశ్రితుడై యున్న వాని చెవిని బడునట్లు చరచుట ధైర్యము గాదు. ఆ యవమానమునకు కారణము పూర్వదోషమే యైనను దానికి వీలు కల్పించినది వార్ధక్యము.

హక్కు అనునది ఆధునిక భావన గదా, దానిని ప్రాచీన కావ్యమున వెదకుట కాలవైపరీత్యము గాదా యని ప్రశ్నింపవచ్చును. హక్కు అను మాట సయితము అరబ్బీ నుండి ఉర్దూ ద్వారమున మన భాషకు వచ్చినది. భారతము ధర్మ పరిభాషలో మాటాడును. అనగా ఇచ్చువాని కర్తవ్యమును జెప్పును గాని పుచ్చుకొనువాని యధికారమును జెప్పదు. ఇది నిజమే. కాని పర్వము నడచిన తీరు చూచినచో కర్తవ్య పరిభాషకు లొంగని యొక యంశము అందు కలదు. అది వృద్ధుని నిర్ణయము.

ధృతరాష్ట్రుడు వనమునకు బోయెదనని యనుమతి వేడగా ధర్మరాజు ఒప్పుకొనలేదు. రాజ్యమును నీ కుమారుడైన యుయుత్సునకు గాని, నీవు కోరిన వేరొకనికి గాని యిమ్ము, నేను వనమునకు బోయెదననెను. ఇది నిండు ప్రేమ, సందేహము లేదు. ఐనను ఫలితమునందు ఈ ప్రేమయు భీముని ద్వేషము వలెనే వృద్ధుని కోరికను అడ్డగించుచున్నది. నీకేమి కావలయునో నీకంటె మాకు బాగుగ దెలియునని చెప్పుట, ఎంత యార్ద్రముగ జెప్పినను, వృద్ధుని బాలునిగ జేయుట. అన్నము తినక నీరసించి గాంధారిపై నొరిగి యున్న ఆ రాజును జూచియు ధర్మరాజు వెంటనే సమ్మతింపలేదు. చివరకు వ్యాసుడు స్వయముగ వచ్చి, ఇతనిని పోనిమ్మని చెప్పవలసి వచ్చెను. ఆ పిమ్మట ధృతరాష్ట్రుడు ధర్మరాజునకు రాజనీతి నుపదేశించెను. పౌరజానపదులను సమావేశపరచి, తన దోషములను క్షమింపుమని కోరి, వారి యనుమతి బడసెను. ఊరు పొమ్మనుట గాదు, కాడు రమ్మనుట గాదు; తాను పోయెదనని వృద్ధుడే ఊరి యెదుట నిలిచి చెప్పెను. సామెతలో మూగయై యున్నవానికి ఈ పర్వము గొంతు నిచ్చినది.

ప్రయాణమునకు ముందు జరిగిన మరియొక సంగతి ఈ సందర్భమున ముఖ్యము. చనిపోయిన పుత్రులకును, భీష్మాదులకును శ్రాద్ధము చేయుటకై ధనము కావలయునని విదురుని ద్వారమున ధృతరాష్ట్రుడు కబురంపెను. భీముడు అడ్డు చెప్పెను. అర్జునుడు అన్నకు నచ్చజెప్ప జూచెను. ధర్మరాజు భీముని మందలించి, తన ధనము నుండియు అర్జునుని ధనము నుండియు కోరినంత యిచ్చెదనని వర్తమానము పంపెను. వృద్ధుని చేతిలో తన యిష్టము వచ్చినట్లు వ్యయము చేయుటకు ధనము లేకపోవుట ఎంతటి పరాధీనతయో ఈ ఘట్టము తెలుపుచున్నది. అతడు తన భోగమునకు అడుగలేదు, తన మృతులను స్మరించుకొనుటకు అడిగెను. అందునకు సయితము శత్రుపుత్రుల దయాదాక్షిణ్యములపై నాధారపడవలసి వచ్చెను.

ఈ పర్వమున వృద్ధస్త్రీ లిరువురు కలరు. వారిని ప్రత్యేకముగ జూడవలసి యున్నది. కుంతికి ఆ యింట అవమానము లేదు. పుత్రులు రాజులు; కోడలు వినయవతి. ఐనను ఆమె గాంధారితో గూడ వనమునకు బయలుదేరెను. మమ్ము యుద్ధమునకు బురికొల్పి, ఇప్పుడు విడిచిపోవుట యేల యని పుత్రులు అడుగగా, మీరు నశింపకుండుటకై పురికొల్పితినే గాని, పుత్రులు గెలిచిన రాజ్యమును అనుభవింప గోరి గాదని యామె సమాధానము. ధృతరాష్ట్రుని నిష్క్రమణమునకు అవమానము తోడ్పడినది. కుంతి నిష్క్రమణమున స్వేచ్ఛ తప్ప వేరొకటి లేదు. వృద్ధుల నిర్ణయములన్నియు ఇతరుల లోపము వలననే కలుగునని భావించుట కూడ వారిని తక్కువ చేయుటయే యని కుంతి పాత్ర నేర్పుచున్నది. గాంధారి సంగతి వేరు. భీముని పలుకులు ఆమెయు వినెను; నూర్గురిని గన్నది యామె. కాని ఆమె కాలగతి నెరిగినది గాన సహించెనని మాత్రమే కథ చెప్పును. నొచ్చుకొని నిర్ణయము తీసికొనుట పురుషుని వంతు, సహించుట స్త్రీ వంతు అయినది. ఇది ఈ పర్వమున మనము ఎత్తి చూపవలసిన పరిమితి.

ఆధునిక సాహిత్యమున దీనికి సరిపోల్చదగినది గురజాడ అప్పారావు కన్యాశుల్కము. 1892లో ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో పెంపొందిన రూపమున వెలువడిన ఈ నాటకమున లుబ్ధావధానులు వృద్ధుడు, పిసినారి, బాలికను కొని పెండ్లాడ జూచినవాడు. అతనిపై నవ్వు న్యాయమే. వయస్సు ఎవరికిని ఇతరులకు హాని చేయు హక్కు నీయదు. కాని గురజాడ వ్యంగ్యమునకు గురి యైనది ఆ క్రయవిక్రయము. నెరసిన తల కాదు. నాటకము చివరి భాగమును జూడుడు. హత్యారోపణమున జిక్కిన ఆ వృద్ధుని చుట్టుపక్కల వారు తలా యొక వైపు లాగి దోచుకొనుచుండగా, సౌజన్యారావు పంతులు అతని పక్షమున నిలిచెను. మధురవాణి నిజమును వెల్లడించి అతనిని కాపాడెను. హాస్యాస్పదుడైన ముసలివానికి సయితము న్యాయము పొందు హక్కు గలదని నాటకము ఒప్పుకొన్నది. వ్యాసుడు ధృతరాష్ట్రుని యెడ జూపిన వివేకమే ఇది. గురజాడ పాత్రలోని ధనాశను వదలి, కర్ర, దగ్గు, వంగిన నడుము మాత్రమే గ్రహించి నవ్వించు రచన ఎచట గన్పట్టినను అది వ్యంగ్యము గాదు, వయోవివక్ష. ఈ భేదము విమర్శకుడు పాటింపవలసినది.

ఈ చర్చకు నేటి జీవితమున గల ప్రసక్తి స్పష్టము. 2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు నిండినవారు సుమారు 10.4 కోట్లు. వీరి రక్షణకై 2007లో పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ శాసనమును చేసినది. తమ సంపాదన చేత గాని, ఆస్తి చేత గాని జీవింపలేని తల్లిదండ్రులు పుత్రుల నుండియు పుత్రికల నుండియు పోషణ కోరవచ్చును. తన్ను పోషింపవలెనను షరతుతో ఆస్తి నిచ్చిన వృద్ధుడు, ఆ షరతు నెరవేరనిచో ఆ బదిలీని రద్దు పరచుకొనవచ్చును. వృద్ధుని విడిచి పెట్టుట నేరము. ఈ శాసనమున నొక గొప్ప గుణము కలదు: తండ్రి మంచివాడా, తల్లి పూర్వము కుమారుని ప్రేమించినదా యని అది యడుగదు. యోగ్యతను షరతుగ జేయలేదు. ఈ యంశమున శాసనము మన లోకోక్తుల కంటె ముందున్నది. కాని అందు పోషణ యనగా ఆహారము, వస్త్రము, నివాసము, వైద్యము. ధర్మరాజు ఇంట ఈ నాలుగును గలవు. ఐనను ధృతరాష్ట్రుడు నేలపై పరుండెను.

శాసనము చేరలేని చోటును చూపుటకు ప్రయత్నములు లేకపోలేదు. 1991లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ అంగీకరించిన 18 సూత్రములు స్వాతంత్ర్యము, భాగస్వామ్యము, సంరక్షణ, ఆత్మవికాసము, గౌరవము అను ఐదు శీర్షికల క్రింద నున్నవి. వృద్ధుని విలువను అతని ఆర్థిక ప్రయోజనముతో ముడిపెట్టరాదని అందలి చివరి సూత్రము. సంరక్షణ ఐదింటిలో నొకటి మాత్రమే యనుట గమనార్హము. 2018 డిసెంబరు 13న మన సుప్రీంకోర్టు, వృద్ధులు గౌరవముతో జీవించుటయు, ఆశ్రయమును, ఆరోగ్యమును రాజ్యాంగము 21వ అధికరణమున జెప్పిన జీవించు హక్కులోని భాగములని గుర్తించెను. స్త్రీలకు 1979లోను, బాలలకు 1989లోను, వికలాంగులకు 2006లోను ప్రత్యేకమైన అంతర్జాతీయ ఒడంబడికలు ఏర్పడినవి. వృద్ధులకు అట్టిది ఏర్పడలేదు. ముసాయిదాను సిద్ధపరచుటకై ప్రభుత్వముల కార్యవర్గమును నెలకొల్పుటకు మానవహక్కుల మండలి 2025 ఏప్రిల్ నెలలో తీర్మానించినది.

ఒడంబడికలు రాజ్యములను గట్టివేయును. ఇంటిలోని కంఠస్వరమును గట్టివేయలేవు. ఆ పని సాహిత్యమునకును దానిని బోధించు మనకును సంబంధించినది. తరగతి గదిలో వృద్ధపాత్ర యెదురైనపుడు, ఇతడు మంచివాడా చెడ్డవాడా యని అడుగుటతో మన ప్రశ్నలు ముగియుచున్నచో, భీముని తర్కమునే మనమును విద్యార్థులకు నేర్పుచున్నామన్న మాట. ఆ పాత్ర మాటాడుచున్నదా, దానిని గూర్చి ఇతరులే మాటాడుచున్నారా; తన బ్రతుకును గూర్చిన నిర్ణయము ఎవరి చేతిలో నున్నది; నవ్వు అతని పనిపైనా, వయస్సుపైనా — ఈ ప్రశ్నలతో మన సామెతలను, జానపద గేయములను, కుటుంబ కథలను, నాటకములను పరిశోధక విద్యార్థులు క్రమముగ పరిశీలించినచో ఉపయుక్తమైన గ్రంథము సిద్ధము కాగలదు.

ఐతే స్వేచ్ఛ పేర వృద్ధులను వారి మానమున వారిని విడిచిపెట్టుట ఈ వాదమున కుద్దేశము గాదు. ఆశ్రమవాస పర్వము ముగింపు ఈ యపోహకు తావీయదు. వనమున దావాగ్ని చుట్టుముట్టినపుడు ధృతరాష్ట్రుడు సంజయుని తప్పించుకొని పొమ్మని, గాంధారీ కుంతులతో అచటనే నిలిచెను. కడసారి నిర్ణయమును అతనిదే. నారదుని వలన ఆ వార్త విన్న ధర్మరాజు, ఆ మరణము వారి యిష్టానుసారము జరిగినదని ఊరట జెందలేదు. బంధువులమైన మేము బ్రతికియుండగనే దిక్కులేని వానివలె ఆ రాజు మరణించెనే యని విలపించెను. వృద్ధుని నిర్ణయమును మన్నించుట యొక కర్తవ్యము. అతనికి మనము దిక్కై యుండుట మరియొక కర్తవ్యము. మొదటిది నెరవేర్చినంత మాత్రమున రెండవ దాని నుండి విడుదల లేదు.